రాబర్ట్ హెన్రీ ఎలియట్

రాబర్ట్ హెన్రీ ఎలియట్ (1864 - 1936) బ్రిటిషు నేత్రవైద్యుడు, వైద్య గ్రంథకర్త. ఇండియన్ మెడికల్ సర్వీసులో లెఫ్టినెంట్ కల్నల్ హోదా పొందాడు. మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి సూపరింటెండెంటుగా, మద్రాసు వైద్య కళాశాలలో నేత్రవైద్య ఆచార్యుడిగా పనిచేశాడు. గ్లాకోమా (నీటికాసులు) వ్యాధిలో కంటి లోపలి ఒత్తిడిని తగ్గించడానికి కంటిగోడకు చిన్న గుండ్రని రంధ్రం చేసే శస్త్రచికిత్సను 1909లో మద్రాసు నుండి ప్రకటించి ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. ఎలియట్ ట్రెఫైనింగ్ అనే పేరుతో ఈ పద్ధతి సుమారు నలభై ఏళ్లపాటు అనేక దేశాల్లో వాడుకలో ఉన్నది. ఆపరేషను జరిగిన చాలాకాలం తరువాత కొన్ని కళ్లలో తలెత్తిన ఉపద్రవాలు, వాటిని సరిదిద్దడానికి వైద్యులు చేసిన ప్రయత్నాలు గ్లాకోమా శస్త్రచికిత్స చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం. నాటుపద్ధతిలో శుక్లం పొడవడంపై, పాము విషంపై కూడా ఈయన పరిశోధనలు చేశాడు. చివరి దశలో లండనులో భారతీయ తాడు గారడీ నిజానిజాలను విచారించిన సంఘానికి అధ్యక్షుడుగా పేరుపొందాడు.

తొలి జీవితం

ఎలియట్ 1864లో జన్మించాడు. లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్య అభ్యసించాడు. లండను విశ్వవిద్యాలయం నుండి ఎం.డి., ఎడింబరో విశ్వవిద్యాలయం నుండి విజ్ఞానశాస్త్రంలో డాక్టరు పట్టం పొందాడు. ఇంగ్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో ఫెలోషిప్ (ఎఫ్.ఆర్.సి.ఎస్.) కూడా సంపాదించాడు. ఆనాడు ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించడానికి లండనులో పోటీ పరీక్ష ఉండేది. అందులో నెగ్గినవారిని సైనిక వైద్యులుగా తీసుకొని, తరువాత జిల్లా ఆసుపత్రులకు, వైద్య కళాశాలలకు, జైళ్లకు పంపేవారు. ఎలియట్ ఆ మార్గంలోనే భారతదేశానికి వచ్చి మద్రాసు రాజధానిలో స్థిరపడ్డాడు.

పాము విషంపై పరిశోధన

నేత్రవైద్యుడుగా పేరు రాకముందే ఎలియట్ పాము విషం మీద శ్రద్ధ పెట్టాడు. భారతదేశపు నాగుపాము విషం గుండె మీద, రక్తనాళాల మీద, శ్వాస మీద ఎలా పనిచేస్తుందో ప్రయోగాలతో పరిశీలించాడు. ఎడింబరోలో ప్రసిద్ధ ఔషధశాస్త్రవేత్త థామస్ రిచర్డ్ ఫ్రేజరుతో కలిసి సముద్రపు పాముల విషంపై పనిచేశాడు. ఈ పరిశోధనలు 1905లో లండను రాయల్ సొసైటీ వారి ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ పత్రికలో వెలువడ్డాయి.

ఈ ఫ్రేజరుకు గ్లాకోమా చరిత్రలోనూ స్థానమున్నది. ఆఫ్రికాకు చెందిన కలబార్ గింజ శరీరంపై చూపే ప్రభావాన్ని 1862లో తన పట్టం కోసం సమర్పించిన వ్యాసంలో వివరించినవాడు ఆయనే. ఆ గింజ నుండి తీసిన ఎసెరిన్ అనే మందు తరువాతి కాలంలో గ్లాకోమాకు వాడిన తొలి కంటిచుక్కల మందు అయింది. శిష్యుడు అదే వ్యాధికి శస్త్రచికిత్స మార్గంలో పేరుపొందడం విశేషం.

మద్రాసు కంటి ఆసుపత్రి

మద్రాసు కంటి ఆసుపత్రి 1819లో ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు ఐ ఇన్ఫర్మరీ అనే పేరుతో ప్రారంభమైంది. ప్రత్యేకించి కంటి వైద్యానికే వెలసిన ఆసుపత్రులలో లండను మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి తరువాత అతి పాతవాటిలో ఇది ఒకటి. పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో ఇది ఎగ్మూరుకు తరలి వెళ్లి ప్రభుత్వ కంటి ఆసుపత్రి అయింది. ఎలియట్ 1904 ప్రాంతంలో దీని బాధ్యత స్వీకరించి సుమారు పదేళ్లు నిర్వహించాడు.

ఆనాటి మద్రాసు రాజధానిలో తమిళ, మలయాళ, కన్నడ ప్రాంతాలతోపాటు కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి. నెల్లూరు, గుంటూరు, కృష్ణా, గోదావరి, కడప, కర్నూలు మొదలైన తెలుగు జిల్లాలకు కూడా రాజధానిలోని పెద్ద కంటి ఆసుపత్రి ఇదే. దూరప్రాంతాల నుండి రైళ్లలో, బండ్లలో వచ్చే రోగులు సాధారణంగా చూపు చాలావరకు పోయిన తరువాతనే వైద్యుని ముందుకు వచ్చేవారు. ఆపరేషను అయ్యాక కట్టు విప్పి ఊరికి పంపితే వారిలో అనేకులు మళ్లీ కనిపించేవారు కారు. జీవితాంతం రోజూ కంట్లో మందు వేసుకోవడం ఆ పేద రోగులకు సాధ్యమయ్యే పని కాదు. ఎలియట్ రూపొందించిన చికిత్సను అర్థం చేసుకోవాలంటే ఈ పరిస్థితిని గుర్తుంచుకోవాలి. ఒక్క ఆపరేషనుతో ముగిసే చికిత్స ఇక్కడ అవసరమైంది. ఆ ఒక్క ఆపరేషను ఫలితం పదేళ్ల తరువాత ఎలా ఉన్నదో తెలుసుకోవడం కూడా ఇక్కడే అతి కష్టమైంది.

గ్లాకోమా - అంతకుముందు చికిత్సలు

కంటి లోపల ఒక స్వచ్ఛమైన నీరు నిరంతరం ఊరుతూ ఉంటుంది. నల్లగుడ్డు అంచున, కార్నియాకు ఐరిస్‌కు నడుమ ఉన్న కోణంలో జల్లెడ వంటి కణజాలం గుండా ఆ నీరు బయటికి పోతుంది. ఊరే నీరు, పోయే నీరు సమంగా ఉన్నంతకాలం కంటి ఒత్తిడి సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. నీరు పోయే దారి మూసుకొనిపోతే ఒత్తిడి పెరిగి, కంటి నుండి మెదడుకు పోయే నరం క్రమంగా దెబ్బతింటుంది. మొదట పక్కచూపు తగ్గి, చివరికి నడిమిచూపు కూడా పోతుంది. చాలామందిలో నొప్పి ఉండదు గనుక రోగికి తెలియకుండానే నష్టం జరిగిపోతుంది. శుక్లం తీస్తే చూపు తిరిగివస్తుంది, కాని గ్లాకోమాలో పోయిన చూపు తిరిగిరాదు. అందువల్ల దీని చికిత్స ఉద్దేశం మిగిలిన చూపును కాపాడటమే.

1857లో జర్మనీకి చెందిన ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే ఐరిస్‌లో కొంతభాగం కత్తిరించే పద్ధతిని గ్లాకోమాకు ప్రవేశపెట్టాడు. హఠాత్తుగా నొప్పితో వచ్చే గ్లాకోమాలో ఇది బాగా పనిచేసింది. నెమ్మదిగా ముదిరే రకంలో దీని ఫలితం అంతంతమాత్రమే. కొన్ని కళ్లలో గాయం పూర్తిగా మానక నీరు కొద్దికొద్దిగా పొర కిందికి ఊరుతూ ఉండటం, అటువంటి కళ్లలోనే ఒత్తిడి అదుపులో ఉండటం వైద్యులు గమనించారు. ఉద్దేశపూర్వకంగానే అటువంటి ఊటదారిని కల్పించాలనే ఆలోచన ఇందులోనుండి పుట్టింది. ఫ్రాన్సులోని బోర్డో నగరానికి చెందిన ఫెలిక్స్ లగ్రాంజ్ 1906లో తెల్లగుడ్డు అంచును కత్తిరించి తీసివేసే పద్ధతిని ప్రచారం చేశాడు. అదే కాలంలో నార్వేకు చెందిన సోరెన్ హోల్త్ ఐరిస్ కొసను గాయంలో ఇరికించి దారి తెరచి ఉంచే పద్ధతిని రూపొందించాడు. ఇవి చేయడానికి చాలా నేర్పు కావాలి. కోత ఎంత పెద్దదవుతుందో ముందుగా నిర్ణయించడం కూడా కష్టమే.

ఎలియట్ శస్త్రచికిత్స

ఎలియట్ ఈ చిక్కును ట్రెఫైన్ అనే పరికరంతో పరిష్కరించాడు. ట్రెఫైన్ అంటే అంచు పదునుగా ఉన్న సన్నని గొట్టం. దానిని ఆనించి వేళ్లతో తిప్పితే అచ్చుతో కోసినట్లు గుండ్రని బిళ్ల ఊడివస్తుంది. ఎలియట్ వాడిన గొట్టాల వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్లు, కొన్నిసార్లు అంతకన్న తక్కువ.

ముందుగా కంటి పైభాగంలో తెల్లగుడ్డును కప్పి ఉండే కంజంక్టైవా అనే పలుచని పొరను కోసి, నల్లగుడ్డు అంచుదాకా రెమ్మలాగా మడిచేవాడు. కార్నియా పైపొరను కూడా కొద్దిగా చీల్చి, రంధ్రం సాధ్యమైనంత ముందుకు పడేటట్లు చూసేవాడు. రంధ్రం వెనుకకు జరిగితే లోపల ఉన్న సున్నితమైన భాగాలు దెబ్బతినే ప్రమాదముండటం దీనికి కారణం. తరువాత ట్రెఫైన్‌ను సగం కార్నియా మీద, సగం తెల్లగుడ్డు మీద ఉండేటట్లు నిలిపి బిళ్లను తీసివేసేవాడు. రంధ్రంలోకి ఉబికివచ్చే ఐరిస్ దానిని మూసివేయకుండా చిన్నముక్క కత్తిరించేవాడు. చివరికి మడిచిన పొరను యథాస్థానంలో పరచేవాడు. లోపలి నీరు రంధ్రం గుండా వచ్చి ఆ పొర కింద చేరి, అక్కడినుండి నెమ్మదిగా పీల్చుకొనిపోతుంది. పైరెప్ప కింద చిన్న పొక్కులాగా కనిపించే ఈ నీటిబుడగను వైద్యులు బ్లెబ్ అంటారు.

ఈ పద్ధతిని ఎలియట్ 1909 డిసెంబరులో ది ఆఫ్తాల్మోస్కోప్ అనే పత్రికలో తొలిసారి ప్రకటించాడు. మద్రాసులో వందల సంఖ్యలో కళ్లకు ఈ ఆపరేషను చేసి, ఆ అనుభవాన్ని 1913లో ఒక ప్రత్యేక గ్రంథంగా వెలువరించాడు. మరుసటి ఏడాదే దానికి రెండవ కూర్పు అవసరమైంది. 1913 ప్రాంతంలో అమెరికాలో పర్యటించి, అక్కడి వైద్యుల ఎదుట తన పద్ధతిని చేసి చూపాడు. రంధ్రం ఎప్పుడూ ఒకే కొలతలో రావడం, నేర్చుకోవడం సులభం కావడం, ఒత్తిడి స్పష్టంగా తగ్గడం ఈ పద్ధతికి దక్కిన ఆదరణకు ముఖ్య కారణాలు. ఒక వలస దేశపు ఆసుపత్రిలో రూపుదిద్దుకొన్న పద్ధతిని ఐరోపా, అమెరికా వైద్యులు నేర్చుకోవడం ఆ కాలానికి అరుదైన విషయం. ఆ అనుభవానికి ఆధారం మద్రాసు రాజధానిలోని పేద రోగుల కళ్లు అనే సంగతి కూడా మరువరానిది.

ప్రాథమ్య వివాదం

గ్లాసుగో నగరానికి చెందిన ఫ్రీలాండ్ ఫెర్గస్ కూడా 1909లోనే ట్రెఫైన్‌తో కంటిగోడకు రంధ్రం చేసే పద్ధతిని ప్రకటించాడు. అందువల్ల మొదట కనుగొన్నది ఎవరనే చర్చ వచ్చింది. ఫెర్గస్ పద్ధతిలో రంధ్రం తెల్లగుడ్డు మీద పడేది, దానితోపాటు లోపలి పొరను విడదీసే మరొక ప్రక్రియ జోడించబడి ఉండేది. ఎలియట్ రంధ్రాన్ని కార్నియా అంచు మీదికి జరిపి, ముందుగది నుండి నేరుగా నీరు బయటికి వచ్చేటట్లు చేశాడు. పరికరాన్ని ఇద్దరూ దాదాపు ఏకకాలంలో వాడినప్పటికీ, స్థానాన్ని నిర్ణయించి, పెద్దసంఖ్యలో చేసి, ప్రపంచానికి నేర్పినవాడుగా ఎలియట్ పేరే నిలిచింది.

ఉపద్రవాలు

ఈ ఆపరేషనుకు బలమే బలహీనత కూడా అయింది. రంధ్రం నిత్యం తెరచి ఉండాలి, అయితే దానికి అడ్డుగా ఉన్నది పలుచని కంజంక్టైవా పొర ఒక్కటే. నీటిని నిగ్రహించే మూత మరేదీ లేదు. కాలక్రమంలో వైద్యులు గమనించిన ఉపద్రవాలు ముఖ్యంగా ఇవి.

మొదటిది, ఆపరేషను అయిన తొలి రోజుల్లో నీరు మితిమీరి కారిపోయి కంటి ముందుగది చదునైపోవడం. అప్పుడు కటకం కార్నియాకు తగిలి రెండూ దెబ్బతినవచ్చు. లోపలి రక్తనాళాల పొర నీరుపట్టి ఊడి రావచ్చు. రెండవది, ఒత్తిడి అవసరమైనదానికన్న తగ్గిపోవడం. 6 మిల్లీమీటర్ల కన్న తక్కువగా చాలాకాలం ఉంటే కంటి వెనుక పొరలు ముడతలుపడి చూపు మసకబారుతుంది. మూడవది, శుక్లం త్వరగా ముదరడం. నాలుగవది, మచ్చకట్టి రంధ్రపు దారి మూసుకొనిపోయి ఒత్తిడి తిరిగి పెరగడం. ఐదవది, బుడగ మీది పొర ఏళ్లు గడిచేకొద్దీ కాగితంలాగా పలుచబడి, చిల్లుపడి నీరు బయటికే కారడం.

వీటన్నిటిలో భయంకరమైనది ఆలస్యంగా వచ్చే సంక్రమణం. ఆపరేషను విజయవంతమై, నెలలు లేదా సంవత్సరాలు గడిచిన తరువాత, ఒకనాడు మామూలు కండ్లకలక వంటిదే పలుచని బుడగ గుండా లోపలికి పాకి కంటినంతా చీముపట్టించవచ్చు. పెన్సిలిన్ వంటి మందులు 1940లలో వచ్చేదాకా అటువంటి కంటిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం. ఒత్తిడి బాగా తగ్గి, బుడగ పలుచగా పారదర్శకంగా ఉన్న కన్నే ఈ ప్రమాదానికి ఎక్కువగా గురికావడం గమనార్హం. కాబట్టి ఆసుపత్రి నుండి పంపే నాటికి అత్యుత్తమంగా కనిపించిన ఫలితమే దూరకాలంలో అపాయకరం కావచ్చుననే పాఠం వైద్యలోకం నేర్చుకొన్నది. గ్లాకోమా ఆపరేషను ఫలితాన్ని వారాల్లో కాక సంవత్సరాల్లో కొలవాలనే నియమం బలపడటానికి ఈ అనుభవం ఒక ముఖ్య కారణం.

సరిదిద్దే శస్త్రచికిత్సలు - ఫలితాలు

ఎలియట్ పద్ధతిలోని లోపాలను తొలగించే ప్రయత్నాలు రెండు దారుల్లో సాగాయి. ఆపరేషనునే మార్చడం ఒకటి. అప్పటికే దెబ్బతిన్న కళ్లను మళ్లీ బాగుచేయడం రెండవది.

మొదటి దారిలో, రంధ్రాన్ని తెల్లగుడ్డులో సగం మందం గల మూత కింద దాచే ఆలోచనను అమెరికాకు చెందిన సాల్ షుగర్ 1961లో ప్రకటించాడు. 1968లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన కెయిర్న్స్ దానిని ట్రాబెక్యులెక్టమీ అనే పేరుతో స్థిరపరిచాడు. ఈ మూత తలుపులాగా పనిచేసి, నీరు ఒక్కసారిగా కారిపోకుండా ఆపుతుంది. కుట్లు బిగించి లేదా వదులుచేసి ప్రవాహాన్ని సవరించే వీలు కూడా ఏర్పడింది. దీనితో ఎలియట్ ట్రెఫైనింగ్ క్రమంగా వెనుకబడింది. అయితే మచ్చ కట్టకుండా 1980ల నుండి వాడుతున్న 5-ఫ్లోరోయురాసిల్, మైటోమైసిన్-సి మందులు ఒత్తిడిని బాగా తగ్గించినప్పటికీ, బుడగలను మళ్లీ పలుచబరచాయి. ఎలియట్ కాలపు సమస్య కొత్తరూపంలో తిరిగివచ్చినట్లయింది.

రెండవ దారిలో, ఉపద్రవాన్ని బట్టి చికిత్స మారుతుంది. దారి మూసుకొనిపోయిన బుడగను సన్నని సూదితో పొడిచి మచ్చను తెగదీస్తారు. ఇది చిన్న ప్రక్రియ. ఒత్తిడి తగ్గుతుంది గాని, కొందరిలో మచ్చ తిరిగి కట్టి మళ్లీ మళ్లీ చేయవలసివస్తుంది. చిల్లుపడి కారుతున్న బుడగకు మొదట మందులు, కట్టు, ప్రత్యేక కాంటాక్టు లెన్సు వంటివి ప్రయత్నిస్తారు. రోగి సొంత రక్తాన్ని బుడగలోకి ఎక్కించి గట్టిపడేటట్లు చేసే పద్ధతి కూడా ఉన్నది. ఇవి కొన్నిసార్లే నిలకడగా పనిచేస్తాయి.

అన్నిటిలోకి నమ్మదగినది శస్త్రచికిత్సతో బుడగను సవరించడం. పలుచబడిన పొరను కోసి తీసివేసి, వెనుకనున్న ఆరోగ్యవంతమైన కంజంక్టైవాను ముందుకు జరిపి కుడతారు. కింది రంధ్రం మరీ పెద్దదైతే, దాత కంటి తెల్లగుడ్డు ముక్కను అతుకుగా వేస్తారు. చాలామందిలో కారడం ఆగిపోతుంది, తగ్గిపోయిన ఒత్తిడి సాధారణ స్థాయికి పెరుగుతుంది. అయితే ఒత్తిడి ఎంత పెరుగుతుందో ముందుగా చెప్పడం కష్టం. కొందరు మళ్లీ చుక్కల మందు వాడవలసివస్తుంది. కొద్దిమందికి ఇంకొక గ్లాకోమా ఆపరేషను గాని, నీటిని మళ్లించే సన్నని గొట్టం అమర్చడం గాని తప్పదు. ఒత్తిడి మరీ తగ్గి వెనుక పొరలు ముడతలుపడిన కంట్లో, సవరణ త్వరగా చేస్తే చూపు మెరుగుపడే అవకాశం ఎక్కువ. గ్లాకోమా వల్ల నరంలో అప్పటికే జరిగిన నష్టం మాత్రం ఏ సవరణతోనూ తీరదు. సంక్రమణం బుడగ వరకే ఉన్నప్పుడు వైద్యం అందితే చూపు సాధారణంగా దక్కుతుంది. కంటి లోపలికి పాకిన తరువాత ఫలితం తరచుగా విషాదకరమే.

అందువల్ల ఈ ఆపరేషను చేయించుకొన్నవారు ఎన్నేళ్లు గడిచినా కంట్లో ఎరుపు, నొప్పి, పుసి, నీరుకారడం, చూపు తగ్గడం వీటిలో ఏది కనిపించినా అదే రోజు కంటి వైద్యుని చూడాలి.

నాటుపద్ధతిలో శుక్లం పొడవడంపై అధ్యయనం

శుక్లం పట్టిన కటకాన్ని సూదితో పొడిచి కంటి లోపలికే పడదోసే పద్ధతి భారతదేశంలో అతి ప్రాచీనం. సుశ్రుత సంహితలో దీని వర్ణన ఉన్నది. ఎలియట్ కాలంలో ఊరూరా తిరుగుతూ ఈ పని చేసే నాటువైద్యులు దక్షిణాదిన అనేకులు ఉండేవారు. పొడిచిన వెంటనే రోగికి వెలుతురు కనబడుతుంది, వైద్యుడు ప్రతిఫలం పుచ్చుకొని మరో ఊరికి వెళ్లిపోతాడు. తరువాత కంట్లో వాపు, చీము, గ్లాకోమా వచ్చి చూపు పోయినవారు ఎగ్మూరు ఆసుపత్రికి చేరేవారు. ఎలియట్ అటువంటి వందలాది కళ్లను పరీక్షించి, తీసివేయవలసివచ్చిన కనుగుడ్లను కోసి చూసి, నష్టం ఎలా జరిగిందో వివరంగా నమోదు చేశాడు. 1917లో ఇంగ్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో హంటర్ స్మారక ఉపన్యాసాలుగా ఈ విషయాన్ని సమర్పించాడు. అవి తరువాత గ్రంథరూపంలో వచ్చాయి.

ఎలియట్ ఆసక్తి ఈ అధ్యయనంలోనూ, తన ఆపరేషను విషయంలోనూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. రోగి ఇంటికి వెళ్లిన తరువాత ఆ కన్ను ఏమైందన్నదే ఆ ప్రశ్న. నాటువైద్యులను ఏ కొలతతో కొలిచాడో, తరువాతి తరం వైద్యులు ఎలియట్ ట్రెఫైనింగును కూడా అదే కొలతతో కొలిచారు.

లండను జీవితం

ఎలియట్ 1914 ప్రాంతంలో ఉద్యోగ విరమణ చేసి లండను చేరాడు. లండను ఉష్ణమండల వైద్య పాఠశాలలో నేత్రవైద్యం బోధించాడు. సామాన్య వైద్యులకోసం, విద్యార్థులకోసం గ్లాకోమాపై వేర్వేరు గ్రంథాలు రచించాడు. 1920లో ఉష్ణదేశాల కంటివ్యాధులపై, 1922లో గ్లాకోమాపై పెద్ద గ్రంథాలు వెలువరించాడు.

ఈయనకు గారడీ విద్యపై ఎనలేని ఆసక్తి. లండనులోని గారడీవారి సంఘమైన మ్యాజిక్ సర్కిల్‌లో అతీంద్రియ విషయాల విచారణ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. గాలిలో నిలబెట్టిన తాడు మీదికి బాలుడు ఎక్కి మాయమవుతాడని ప్రచారంలో ఉన్న భారతీయ తాడు గారడీని చేసి చూపినవారికి 500 గినీల బహుమతిని ఈ సంఘం 1934లో ప్రకటించింది. ఆ ఏడాది లండనులో జరిగిన సభకు, 1900 నుండి 1906 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ ఆంప్‌థిల్ అధ్యక్షత వహించాడు. తాడు గారడీని కళ్లారా చూశామన్నవారి సాక్ష్యాలను పరిశీలించి, అది కట్టుకథేనని ఎలియట్ తేల్చాడు. అదే సంవత్సరం తూర్పుదేశాల మహిమల గురించిన అపోహలపై ఒక పుస్తకం కూడా ప్రచురించాడు. విన్నదాన్ని నమ్మక, సాక్ష్యం అడిగే స్వభావం ఈయన వైద్యంలోనూ వినోదంలోనూ సమానంగా కనిపిస్తుంది.

తెలుగు ప్రాంతంలో గ్లాకోమా వైద్యం

ఎలియట్ కాలంలో తెలంగాణ జిల్లాలు నిజాం రాజ్యంలో ఉండేవి. తరువాతి కాలంలో హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ ప్రాంతపు ముఖ్య కేంద్రాలయ్యాయి. 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ కంటివ్యాధుల అధ్యయనం పేరుతో జరిగిన సర్వేలో హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజల కళ్లను పరీక్షించారు. గ్లాకోమా ఉన్నవారిలో అత్యధికులకు తమకు ఆ వ్యాధి ఉన్నట్లు అంతకుముందు తెలియదని ఇందులో వెల్లడైంది.

రోగి ఆలస్యంగా రావడం, ఆపరేషను తరువాత తిరిగి రాకపోవడం అనే రెండు చిక్కులు ఎలియట్ నాటివే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పల్లెల్లో ఇవి నేటికీ పూర్తిగా తీరలేదు. నేటి సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు వంటి చోటనుండి హైదరాబాదు పెద్దాసుపత్రికి వెళ్లిరావడమంటే ఒక రోజు కూలి, తోడుగా మరొక మనిషి, దారి ఖర్చులు కావాలి. కంట్లో ఎరుపు వస్తే చుక్కల మందు కొని వేసుకొని ఊరుకోవడం అటువంటి పరిస్థితుల్లో సహజం. గ్లాకోమా ఆపరేషను జరిగిన కంటికి ఆ రెండు మూడు రోజుల ఆలస్యమే చూపు పోవడానికి చాలు. ఆపరేషను ఎంత బాగా జరిగినా, తిరిగి చూపించుకొనే వీలు దగ్గరలో లేకపోతే దాని ఫలితం నిలవదు.

మరణం, కీర్తి

ఎలియట్ 1936లో మరణించాడు. ఎగ్మూరు ఆసుపత్రి ఆవరణలో ఈయన పేరుతో నేత్రవైద్య పాఠశాల, ప్రదర్శనశాల వెలిశాయి. ఆ ఆసుపత్రి నేడు చెన్నైలో ప్రాంతీయ నేత్రవైద్య సంస్థగా కొనసాగుతున్నది. ఎలియట్ పేరుగల ట్రెఫైన్ శస్త్రచికిత్స పరికరాల జాబితాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఎలియట్ చేసిన రూపంలో ఆ ఆపరేషనును నేడు సాధారణంగా ఎవరూ చేయరు. అయినా కంటి నీటికి కొత్త దారి చూపి, దానిని పొర కింద ఇంకేటట్లు చేయాలన్న సూత్రంపైనే ట్రాబెక్యులెక్టమీ ఆధారపడి ఉన్నది. ఆ దారిని ఎంత తెరవాలి, ఎంత మూయాలి అన్న సమస్య పరిష్కారానికి జరిగిన కృషిలో ఈయన విజయాలతోపాటు ఈయన పద్ధతిలోని లోపాలు కూడా వైద్యులకు పాఠాలుగా ఉపయోగపడ్డాయి.